రుషికొండ విల్లాకు ఆన్‌లైన్‌లో అడ్వాన్సు పంపే ముందు

ఇదే అవసరంతో చదివే ఇతరులకు కూడా విషయం అర్థం కావాలి కనుక మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను. సంక్రాంతి సెలవులకు అత్తమామలతో, పిల్లలతో కలిసి ఖమ్మం నుంచి విశాఖపట్నం రావాలనుకుంటున్నారు. ఒక ఫేస్‌బుక్ గ్రూపులో రుషికొండ దగ్గర మూడు పడకగదుల విల్లా రోజుకు 4,000 రూపాయలకు ఉందని చూశారు. వాట్సాప్‌లో మాట్లాడిన వ్యక్తి మూడు రోజుల అద్దె 12,000 రూపాయలు ఈ సాయంత్రంలోగా యూపీఐ ద్వారా పంపాలని, లేకపోతే వేరే కుటుంబానికి ఇచ్చేస్తానని అన్నారు. నమ్మకం కోసం తన ఆధార్ కార్డు ఫొటో కూడా పంపించారు. డబ్బు పంపవచ్చా అని మీరు అడిగారు.

ఈ సాయంత్రం పంపకండి. ఆయన మోసగాడని నేను తేల్చి చెప్పడం లేదు. ఆయన మీకు చూపించిన ఫొటోలు, ఆధార్, ధర, మాటతీరు అన్నీ ఆయన చేతిలోంచి వచ్చినవే. ఆ ఇల్లు నిజంగా ఉందని, అది ఆయనదేనని, లేదా దాన్ని అద్దెకు ఇచ్చే హక్కు ఆయనకు ఉందని ఆయన ప్రమేయం లేకుండా మీకు తెలిసినది ఇంతవరకూ ఒక్కటి కూడా లేదు. నేను లాసన్స్ బే కాలనీ, పెదవాల్తేరు ప్రాంతాల్లో చాలా ఏళ్లుగా సర్వీస్ అపార్ట్‌మెంట్లు నడుపుతున్నాను. ఇలాంటి మోసాలకు గురైనవాళ్లతో మాట్లాడినప్పుడల్లా నాకు కనిపించేది ఇదే: వాళ్లు జాగ్రత్తగా పరిశీలించకపోలేదు, కానీ ఎదుటివాళ్లు ఇచ్చినవాటినే పరిశీలించారు.

మొదట ఫొటోల సంగతి చూద్దాం. విశాఖ తూర్పు తీరం కనుక ఇక్కడ సూర్యుడు సముద్రం మీద ఉదయిస్తాడు, సాయంత్రం ఊరి వైపు కొండల వెనక్కి దిగుతాడు. కాబట్టి బాల్కనీ ముందు నీళ్లలో సూర్యుడు అస్తమిస్తున్న ఫొటో పెట్టి రుషికొండ అని రాసి ఉంటే, అది గోవా నుంచో కేరళ నుంచో తెచ్చిన ఫొటో అయి ఉంటుంది. రెండో గుర్తు తీరం రోడ్డు. నగర పరిధిలో అభివృద్ధి చెందిన తీరప్రాంతం ఎక్కువగా తీర నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) నిబంధనల్లో రెండో తరగతి కిందకు వస్తుంది, అక్కడ ఇప్పటికే ఉన్న రోడ్డుకు నేలవైపున మాత్రమే కొత్త కట్టడాలకు అనుమతి ఇస్తారు. అందువల్ల బీచ్ రోడ్డు పొడవునా ఇళ్లు, అపార్ట్‌మెంట్లు, హోటళ్లు దాదాపుగా రోడ్డుకు ఈవల ఉంటాయి. గడప దాటగానే ఇసుక, ఇసుక దాటగానే అలలు అన్నట్టు ఉన్న ప్రైవేటు విల్లా ఆర్కే బీచ్ దగ్గరో సాగర్ నగర్ దగ్గరో ఉందని ఎవరైనా చూపిస్తే, అది ఏ సందులో ఉందో తప్పకుండా నిలదీసి అడగాలి. మూడోది, రుషికొండ మీద ఒకప్పుడు పర్యాటక అభివృద్ధి సంస్థకు చెందిన హరిత రిసార్టు ఉండేది. దాన్ని 2021లో కూల్చివేశారు. కొండవాలున కాటేజీలు, కింద సముద్రం ఉన్న ఆ పాత ఫొటోలు ఇంటర్నెట్‌లో ఇప్పటికీ దొరుకుతాయి. అవి కనిపిస్తే ఆ బేరం అక్కడితో వదిలేయండి.

గూగుల్ లెన్స్‌లో ఫొటో వేసి వెతకమని అందరూ చెబుతారు, మంచి సలహానే. అదే హాలు, అదే సోఫా మరో రాష్ట్రంలోని రిసార్టు పేజీలో కనిపిస్తే సందేహం తీరిపోయినట్టే. అయితే లెన్స్‌లో ఏమీ దొరకలేదన్నంత మాత్రాన ధైర్యపడకూడదు. ఇప్పుడు ఇంటీరియర్ ఫొటోలను కంప్యూటర్‌తో పుట్టించడం తేలిక. అంతకంటే ముఖ్యంగా, కొందరు మోసగాళ్లు విశాఖలోనే నిజంగా ఉన్న ఇళ్ల ఫొటోలనే వాడుతున్నారు. అప్పుడు సముద్రం సరిగ్గానే ఉంటుంది, రోడ్డు సరిగ్గానే ఉంటుంది, లొకేషన్ పిన్ నొక్కితే సరైన గేటు దగ్గరికే తీసుకువస్తుంది.

ఇది నా గేటు దగ్గరే జరిగింది కాబట్టి చెబుతున్నాను. ఒక వేసవి ఉదయం, ఇంకా ఎండ ఎక్కక ముందు, రాత్రంతా ప్రయాణం చేసి వచ్చిన కుటుంబం కారు ఆపి మా వాచ్‌మన్‌కు ఫోన్‌లో బుకింగ్ రసీదు చూపించారు. రసీదు మీద ఉన్నది మా రెండో అంతస్తు బాల్కనీయే: కేన్ ఊయల, నీలం గళ్ల టైల్స్, కటకటాల మీద మా ఆవిడ పెంచుతున్న శంఖుపూల తీగ. ఫొటో అడుగున మేము వేసుకున్న పేరు మాత్రం కత్తిరించేశారు. డబ్బు అందుకున్న పేరు మాకు తెలియనిది, ఫోన్ నంబరు అప్పటికే మూగబోయింది. ఆ ఫ్లాటులో వేరే అతిథులు నిద్రపోతున్నారు. పెద్దాయన కోపంతో కాదు, అవమానంతో మాట్లాడలేకపోయారు. పిల్లలు వెనక సీటులో నిద్రలోనే ఉన్నారు. మద్దిలపాలెంలో తెలిసినవారి లాడ్జిలో వారికి గదులు చూసిపెట్టగలిగాను గానీ, పోయిన డబ్బు విషయంలో చేయగలిగిందేమీ లేకపోయింది. ఆ రోజు నుంచి మా ఫొటోలన్నింటి మీద మధ్యలోనే పేరు పడేలా చేస్తున్నాను. ఇళ్లు అద్దెకు ఇచ్చే తోటి యజమానులను కూడా అలాగే చేయమని కోరుతున్నాను.

ఫొటోలు నిజమైనా మనిషి అబద్ధం కావచ్చు గనుక, ఎదుటివారు ఇవ్వని దారిలో ఇంటిని చేరుకోవడమే మీరు చేయవలసిన పని. ముందుగా ఆ విల్లా పేరు, వీధి, ఇంటి నంబరు అడగండి. బుకింగ్ అయ్యాకే లొకేషన్ ఇస్తామనడం పెద్ద ఆన్‌లైన్ బుకింగ్ వేదికల్లో ఉన్న పద్ధతే, అక్కడ డబ్బు వేదిక దగ్గర ఉంటుంది కనుక ఫరవాలేదు. నేరుగా తన ఖాతాకు డబ్బు అడుగుతున్న మనిషి చిరునామా చెప్పనంటే మాత్రం అంగీకరించకండి. చిరునామా వచ్చాక మ్యాపులో ఆ వీధిని తెరిచి, చుట్టుపక్కల ఉన్న దుకాణాలను చూడండి. సందు మొదట్లో మెడికల్ షాపో, టిఫిన్ సెంటరో, ఇస్త్రీ బండి పక్కన కిరాణా కొట్టో ఉంటుంది. వాటిలో ఒకదానికి ఫోన్ చేసి, ఫలానా ఇల్లు టూరిస్టులకు ఇస్తారా, ఎవరు చూసుకుంటారు అని మర్యాదగా అడిగితే మన ఊళ్లో తప్పకుండా చెబుతారు. రెండు నిమిషాల ఆ ఫోన్ విలువ పది రివ్యూలకు ఉండదు. ఇంకా మంచిది, గాజువాకలోనో మధురవాడలోనో మీ బంధువులో, స్నేహితుల బంధువులో ఒకరైనా ఉంటారు. ఆదివారం సాయంత్రం రుషికొండ వైపు వెళ్లినప్పుడు గేటు దాకా వెళ్లి చూసి రమ్మనండి. అసలైన యజమాని దీనికి ఎంతమాత్రం నొచ్చుకోడు. నా దగ్గరకు అలా ఎవరైనా వస్తే టీ ఇచ్చి గదులు చూపించి పంపుతాను.

హోటల్ అయితే దాని అసలు నంబరుకు ఫోన్ చేయాలి, కానీ అందులోనూ ఒక మెలిక ఉంది. గూగుల్ మ్యాపులో కనిపించే ఫోన్ నంబరును మార్చాలని ఎవరైనా సూచన పంపవచ్చు. యజమానులు పట్టించుకోని పేజీల్లో ఈ దారినే మోసగాళ్ల నంబర్లు చేరిన సందర్భాలు దేశమంతటా ఉన్నాయి. కాబట్టి మ్యాపులో ఉన్న నంబరును హోటల్ సొంత వెబ్‌సైటులోని నంబరుతో, పెద్ద ట్రావెల్ సైటులో ఇచ్చిన వివరాలతో పోల్చి చూడండి. వెబ్‌సైటు చిరునామా పక్కన తాళం గుర్తు ఉందని సంతోషించకండి. మీ ఫోన్‌కూ ఆ సైటుకూ మధ్య సాగే సమాచారం భద్రంగా వెళుతుందని మాత్రమే ఆ గుర్తు చెబుతుంది, సైటు నడిపేవాడు ఎవరో చెప్పదు.

వీడియో కాల్ అడగడం తప్పనిసరి. అయితే ముందే తీసిపెట్టిన వీడియో పంపితే ఒప్పుకోవద్దు. గేటు బయట నుంచి మొదలుపెట్టి, కాల్ తెగకుండా మెట్లు ఎక్కి, గదిలోకి వచ్చి, కిటికీ తెరిచి ఎదురుగా ఉన్న రోడ్డును చూపించమనండి. నీళ్ల కుళాయి తిప్పమనండి, ఏసీ వేయమనండి. కేర్‌టేకర్ ఆ ఇంట్లో ఉన్నవాడైతే ఈ పని అయిదు నిమిషాలది. అరకు, లంబసింగి, వంజంగి వైపు బుక్ చేసేవారికి మాత్రం ఒక మినహాయింపు చెప్పాలి: ఆ ఏజెన్సీ గ్రామాల్లో చాలాచోట్ల సిగ్నల్ నిజంగానే సరిగా అందదు. హోమ్‌స్టే నడిపే గిరిజన కుటుంబాలు వీడియో కాల్ చేయలేకపోతే వారిని అనుమానించడం అన్యాయం. అటువంటప్పుడు, మీ పేరు, ఆ రోజు తేదీ ఒక కాగితం మీద రాసి ఇంటి ముందు పట్టుకుని చిన్న వీడియో తీసి, సిగ్నల్ దొరికినప్పుడు పంపమని అడగవచ్చు. విశాఖ నుంచి అరకు రోడ్డు మార్గంలో సుమారు 115 కిలోమీటర్లు, ఘాట్ రోడ్డు మీద మూడు గంటలకు పైగా పడుతుంది. బీచ్‌కూ, అరకు దారిలోని బొర్రా గుహలకూ దగ్గరలో అని ఒకే లిస్టింగులో రాసినవాడికి ఈ ప్రాంతమే తెలియదని అర్థం.

ఇక డబ్బు. అన్నింటికంటే ఎక్కువ ఆలోచించవలసిన చోటు ఇదే. యూపీఐలో మీరు పిన్ నొక్కి పంపిన డబ్బు క్షణాల్లో అవతలి ఖాతాలో పడుతుంది, దాన్ని రద్దు చేసే బటన్ ఎక్కడా లేదు. అనధికార లావాదేవీల్లో ఖాతాదారుడి బాధ్యతను పరిమితం చేస్తూ రిజర్వు బ్యాంకు 2017 జులైలో ఇచ్చిన ఉత్తర్వులు ఉన్నాయి గానీ, మీరే స్వయంగా పిన్ కొట్టి పంపిన డబ్బు వాటి కింద సులభంగా తిరిగి రాదు. క్రెడిట్ కార్డు మీద చెల్లిస్తే సేవ అందలేదని బ్యాంకులో అభ్యంతరం నమోదు చేసి, ఛార్జ్‌బ్యాక్, అంటే ఆ డబ్బును కార్డుకు వెనక్కి వేయమని కోరే వీలుంటుంది. అందుకే ముక్కూమొహం తెలియని చోట కార్డు గానీ, డబ్బును తన దగ్గర పట్టి ఉంచే పెద్ద వేదిక గానీ మేలు. ఎయిర్‌బీఎన్‌బీ వంటి వేదిక అతిథి చెకిన్ అయిన సుమారు 24 గంటల తర్వాతే యజమానికి డబ్బు విడుదల చేస్తుంది. ఆ కమిషన్ మిగుల్చుకుందాం, నా నంబరుకు నేరుగా పంపండి, వెయ్యి తగ్గిస్తాను అని వేదికలో పరిచయమైన వ్యక్తి అంటే, ఆ వెయ్యితో మీకున్న రక్షణ మొత్తం పోతుంది. ఇలా అనే వారందరూ దొంగలు కారు, కమిషన్ బాధ పడే చిన్న యజమానులు కూడా అంటారు, అది నాకు తెలుసు. అయినా మొదటిసారి వచ్చే అతిథి దానికి ఒప్పుకోవడం సరికాదు.

యూపీఐ తప్పదనుకుంటే, పిన్ నొక్కే ముందు తెర మీద వచ్చే పేరును ఆగి చదవండి. 2025 జూన్ 30 నుంచి అమల్లోకి వచ్చిన, యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ నిబంధన ప్రకారం, మీ కాంటాక్టుల్లో దాచుకున్న పేరు కాకుండా బ్యాంకు రికార్డుల్లో ఉన్న ఖాతాదారుడి పేరే అక్కడ కనిపించాలి. వాట్సాప్‌లో మాట్లాడిన మనిషిది ఒక పేరు, ఆధార్ మీద మరో పేరు, ఖాతా మీద ఇంకో పేరు ఉంటే, "మా బావమరిది ఖాతా అండి, నా యూపీఐ లిమిట్ అయిపోయింది" అన్న సమాధానం వస్తుంది. అక్కడే ఆగిపోవాలి. మోసపు డబ్బు చాలావరకు వేరేవాళ్ల పేర్ల మీద అద్దెకు తీసుకున్న ఖాతాల్లోకి వెళుతుంది గనుక ఈ తేడాను వాళ్లు పూర్తిగా దాచలేరు. డబ్బు అందుకోవడానికి క్యూఆర్ కోడ్ స్కాన్ చేయడం గానీ, పిన్ నొక్కడం గానీ ఎప్పుడూ అవసరం లేదు. డిపాజిట్ తిరిగి వేస్తాం, ఈ కోడ్ స్కాన్ చేయండి అంటే అది మీ ఖాతా నుంచి తీసుకోవడానికే. అలాగే తర్వాత తిరిగి ఇచ్చే జీఎస్టీ అంటూ ఏదీ ఉండదు. మొదట రెండు వేలు, తర్వాత జీఎస్టీకి, ఆ తర్వాత గేట్ పాసుకు అని కొద్దికొద్దిగా లాగే పద్ధతి మొదలైతే, ఇప్పటిదాకా ఇచ్చింది పోతుందేమో అన్న భయంతో ఇంకొంచెం పంపకండి.

మా వంటి చిన్న యజమానులు అడ్వాన్సు అడగడం న్యాయమే. పండుగ రోజుల్లో గది పట్టి ఉంచి, అతిథి రాకపోతే మాకు నష్టం. కానీ ఒక రోజు అద్దెకు మించి గానీ, మొత్తంలో మూడో వంతుకు మించి గానీ ముందే అడగవలసిన అవసరం లేదని నా అభిప్రాయం. మిగతాది తాళం చేతికి వచ్చాక ఇస్తానని చెప్పి చూడండి. దీనికి ఎదుటివారి స్పందన మీకు చాలా చెబుతుంది.

ఆధార్ కార్డు ఫొటో సంగతి చెప్పాను కదా, దాన్ని రుజువుగా లెక్కించకండి. అది లోగడ మోసపోయిన మరొకరిది కావచ్చు. ఆ కారణంగానే మీ ఆధార్‌ను కూడా వాట్సాప్‌లో ముందే పంపకండి. చెకిన్ సమయంలో గుర్తింపు కార్డు చూపించడం నిబంధనే, ముందే అవసరమంటే చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. ఆయన సైన్యంలోనో నౌకాదళంలోనో పనిచేస్తున్నానని చెప్పి యూనిఫాం ఫొటో, ఐడీ కార్డు పంపితే మరింత జాగ్రత్తపడాలి, ఎందుకంటే ఆ వేషం ఈ మోసాల్లో చాలా పాతది, నౌకాదళ కేంద్రమున్న మా ఊళ్లో అది మరీ తేలిగ్గా అతుకుతుంది. దానికి బదులు రెండు విషయాలు అడగండి. జీఎస్టీ నంబరు ఉంటే దాన్ని జీఎస్టీ పోర్టల్‌లో వెతకండి. ఆంధ్రప్రదేశ్ నమోదైతే 15 అక్షరాల ఆ నంబరు 37తో మొదలవుతుంది, వెతికితే వ్యాపారి చట్టబద్ధమైన పేరు, నమోదు ఇంకా చెల్లుతోందా లేదా అన్నది కనిపిస్తాయి. ఏడాదికి 20 లక్షల లోపు ఆదాయం ఉన్న చిన్న హోమ్‌స్టేలకు జీఎస్టీ ఉండకపోవచ్చు, దాన్ని తప్పుగా చూడకండి. అలాంటి చోట కరెంటు బిల్లు మీది సర్వీసు నంబరు అడిగి, మీ చెల్లింపు యాప్‌లో ఇక్కడి కరెంటు పంపిణీ సంస్థ ఏపీ ఈపీడీసీఎల్ కింద ఆ నంబరు వేస్తే, డబ్బు కట్టకుండానే మీటరు ఎవరి పేరున ఉందో తెలుస్తుంది. తండ్రి పేరో తాతగారి పేరో ఉండవచ్చు. అది ఎవరని అడిగినప్పుడు సమాధానం తడబడకుండా రావాలి.

ప్రభుత్వ వసతి కావాలనుకునేవారు మరో ఉచ్చు తెలుసుకోవాలి. అరకులోని హరిత రిసార్టుల పేరుతో గానీ, దేవస్థానాల కాటేజీల పేరుతో గానీ వెతికితే పైన వచ్చే ఫలితాల్లో ప్రకటనలు ఉంటాయి, వాటిలో నకిలీ సైట్లు చొరబడతాయి. 2025 ఏప్రిల్‌లో కేంద్ర హోంశాఖకు చెందిన సైబర్ నేరాల సమన్వయ కేంద్రం ఐ4సీ, కేదార్‌నాథ్ హెలికాప్టర్ టికెట్లు మొదలుకొని యాత్రాస్థలాల గెస్ట్‌హౌస్‌ల వరకు నకిలీ వెబ్‌సైట్లు, నకిలీ వాట్సాప్ ఖాతాల ద్వారా మోసాలు జరుగుతున్నాయని ప్రజలను హెచ్చరించింది. సింహాచలం చందనోత్సవానికో గిరి ప్రదక్షిణకో వచ్చేవారు దేవస్థానం కార్యాలయాన్నే సంప్రదించాలి, అపరిచితులు పంపిన లింకు మీద బుక్ చేసుకోకూడదు. బుకింగ్ పత్రమంటూ వాట్సాప్‌లో ఏపీకే ఫైలు వస్తే తెరవకండి. రసీదు పీడీఎఫ్‌గా గానీ బొమ్మగా గానీ వస్తుంది, అది ఇన్‌స్టాల్ చేసుకునే యాప్‌గా రాదు. పెద్ద వేదికలో సరిగ్గా బుక్ చేసుకున్నాక కూడా, హోటల్ పేరుతో సందేశం వచ్చి కార్డు మళ్లీ నిర్ధారించకపోతే గది రద్దవుతుందని అంటే ఆ లింకు నొక్కవద్దు. హోటల్ ఖాతానే ఎవరో చేజిక్కించుకుని పంపిన సందేశం కావచ్చు. యాప్ మూసి, హోటల్‌కు ఫోన్ చేయండి.

ఇదంతా చదివేలోపే ఎవరైనా డబ్బు పంపేసి ఉంటే, సిగ్గుతో ఒక్క గంట కూడా ఆలస్యం చేయకండి. వెంటనే జాతీయ సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేసి, లావాదేవీ తాలూకు 12 అంకెల రిఫరెన్స్ నంబరు, ఎంత మొత్తం, ఏ సమయం, ఎవరి యూపీఐ ఐడీ అన్నవి చెప్పండి. మోసగాడు ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు మళ్లించే లోపు బ్యాంకులు ఆ డబ్బును ఎక్కడ నిలిపివేయగలిగితే అక్కడి నుంచి తిరిగి వచ్చే అవకాశం ఉంటుంది, అందుకే మొదటి గంటకు అంత విలువ. అదే సమయంలో మీ బ్యాంకుకు కూడా తెలియజేసి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేసి, చాట్, ప్రకటన, చెల్లింపు స్క్రీన్‌షాట్లు జతచేయండి. చాట్‌ను కోపంతో చెరిపేయకండి. మరొకరిలా నటిస్తూ కంప్యూటర్ సాధనాలతో మోసం చేస్తే సమాచార సాంకేతిక చట్టంలోని 66డీ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు శిక్ష ఉంది. ఖమ్మంలో ఉన్నా, విశాఖలో ఉన్నా మీకు దగ్గరలోని పోలీసు స్టేషన్‌లోనే ఫిర్యాదు ఇవ్వవచ్చు, పరిధి తమది కాదని తిప్పి పంపకూడదు. డబ్బు పోకపోయినా అనుమానాస్పద నంబరును కేంద్ర టెలికాం శాఖ నడిపే సంచార్ సాథీ పోర్టల్‌లోని చక్షు విభాగంలో తెలియజేస్తే ఆ నంబరు మీద చర్యకు వీలవుతుంది.

ఫిర్యాదు చేసిన కొన్ని రోజులకు, మీ డబ్బు దొరికింది, విడుదల చేయడానికి ఫీజు కట్టండి అంటూ సైబర్ పోలీసుల పేరుతోనో లాయరు పేరుతోనో ఎవరైనా ఫోన్ చేయవచ్చు. అది రెండో మోసం. పోలీసులు, బ్యాంకులు డబ్బు తిరిగి ఇప్పించడానికి ఫీజు అడగరు. మీ ఫిర్యాదు నంబరుతో పోర్టల్‌లో మీరే స్థితి చూసుకోండి, లేదా స్టేషన్‌కు వెళ్లి అడగండి.